రాజ్ రెడ్డి గారి గురించి మా పదో తరగతి పిల్లలకి ఏం చెప్పాలి? అవార్డులు కాకుండా

బ్రాడీపేట మాస్టారు

అందరికీ నమస్కారమండి. నేను గుంటూరు పక్కన ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. సైన్స్ డేకి ప్రతి ఏడాదీ మా స్కూల్లో ఒక సైంటిస్టు గురించి పావుగంట మాట్టాడే అలవాటుంది, సి.వి.రామన్ గారి గురించి చెప్పీ చెప్పీ పిల్లలకి కంఠతా వచ్చేసింది, ఈసారి ఇంకెవరి గురించైనా చెప్దాం అనుకుంటుండగా పోయిన వారం క్లాసులో ఒక సంగతి జరిగింది.

మా పదో తరగతిలో ఒక కుర్రాడున్నాడు, వాళ్ళమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళుద్ది. ఆవిడకి చదువు రాదు. కానీ ఫోన్లో మైకు బొమ్మ నొక్కి మాట్టాడి తనక్కావల్సిన పాటలూ, వంటలూ, కాయ రేటు ఎంతుందో అన్నీ తనే చూసుకుంటదంట. వాడు లేచి "సార్, మా అమ్మ మాట ఆ ఫోనుకి ఎట్టా అర్థమయిద్ది, దానికి తెలుగు ఎవరు నేర్పారు" అని అడిగాడు. నేను మైక్రోఫోను, డయాఫ్రమ్, కరెంటు సిగ్నలు అని ఏదో చెప్పా గానీ వాడడిగింది అది కాదని నాకూ తెలుసు వాడికీ తెలుసు. శబ్దం కరెంటుగా మారటం వేరు, ఆ కరెంటు మాటగా మారటం వేరు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే డబ్బల రాజగోపాల్ రెడ్డి గారి పేరు కనపడింది, అందరూ రాజ్ రెడ్డి అంటారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు, రైతు కుటుంబం, వాళ్ళింట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు, అంటే కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికన్నా పెద్ద అవార్డు, 2001లో పద్మభూషణ్. ఎక్కడ చూసినా ఇదే వరస. ఇది చదివేస్తే పిల్లలు చప్పట్లు కొట్టి మధ్యాహ్న భోజనానికి లేచిపోతారు, వాడడిగిన ప్రశ్న అట్టాగే ఉండిపోయిద్ది. ఇంకోటి, మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఆయనది ఉయ్యూరు దగ్గర కాటూరే అని గట్టిగా వాదించారు, అది కాదండీ, ఇది చిత్తూరు జిల్లా కాటూరు.

నాక్కావల్సింది, ఆయన అసలు చేసిన పని ఏంటో పదో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా? ఆయన్నుంచి మన ప్రాంతం వాళ్ళకి ఏమన్నా చేరిందా? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి రాయండి, పొడుగైనా పర్లేదు.

పటమట నుంచి

మాస్టారూ, నాది పటమట, ఉద్యోగం బెంగుళూరు, ఈ స్పీచ్ రికగ్నిషన్ ఫీల్డులోనే, అంటే మనిషి మాట మిషన్‌కి అర్థమయ్యేలా చేసే పనిలోనే, పదేళ్ళ పైబడి ఉన్నాను. మీ కుర్రాడడిగిన ప్రశ్న మా ఫీల్డు మొత్తానికీ మొదటి ప్రశ్న, వాణ్ణి నా తరఫున మెచ్చుకోండి.

ముందు కష్టం ఎక్కడుందో పిల్లలకి చూపించండి, అది చూపిస్తే ఆయన గొప్పతనం వాళ్ళకే తెలిసొస్తుంది. రాసేటప్పుడు మాటకీ మాటకీ మధ్య జాగా వదుల్తాం. మాట్లాడేటప్పుడు వదలం. "మా వాడికి ఎప్పుడు ఇచ్చావు" అని రాస్తాం, నోటితో అనేది మాత్రం "మావాడికెప్పుడిచ్చావు". మన తెలుగులో సంధులు మరీ ఎక్కువ కదా, నాలుగు మాటలు కలిసి ఒక దండలాగా వస్తాయి. మైకులోంచి వచ్చిన సిగ్నల్‌ని స్క్రీన్ మీద గీతలాగా చూస్తే మాటల మధ్య ఖాళీ ఎక్కడా కనపడదు, కానీ మాట మధ్యలో కనపడుతుంది. "అప్పు" అనండి ఒకసారి. ఆ "ప్పు" దగ్గర పెదాలు మూసుకుని ఒక్క క్షణం శబ్దమే ఆగిపోద్ది. అంటే ఖాళీ ఉన్నచోట మాట అయిపోలేదు, మాట అయిపోయిన చోట ఖాళీ లేదు. మీ ఫోన్లో ఏదైనా రికార్డర్ యాప్ ఉంటే ఆ గీత పిల్లలకి చూపించండి, "అప్పు" లో ఆ చిన్న ఖాళీ కళ్ళకి కనపడుద్ది.

దీనికి తోడు మనిషి మనిషికీ గొంతు వేరు, జలుబు చేస్తే అదే మనిషికి ఇంకో గొంతు, పక్కన మిక్సీ శబ్దం, ఇవన్నీ.

ఇప్పుడు ఆయన సంగతి. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో పూర్తిచేసింది సివిల్ ఇంజనీరింగ్ అండి, కంప్యూటర్ కాదు. అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా వెళ్ళి న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో 1960లో ఎంటెక్ చేశారు, కంప్యూటర్ మీద చెయ్యి పెట్టింది అక్కడే, తర్వాత ఐబీఎంలో అక్కడే మూడేళ్ళు ఉద్యోగం. 1963లో స్టాన్‌ఫర్డ్‌కి చదువుకోడానికి వెళ్ళారు. అక్కడ ఆయన గురువు జాన్ మెకార్తీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే పేరు పెట్టిన మనిషి. 1966లో పీహెచ్‌డీ అయ్యింది, దాంట్లో పట్టుకున్న విషయం ఇదే, మనిషి మాట్లాడిన ధ్వని తరంగాన్ని నేరుగా కంప్యూటరే విశ్లేషించి అక్షరాలు పట్టుకోవటం.

అప్పటి కాలం ఎలాంటిదో చెప్పకపోతే కథ సగమే. 1969లో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా ఫోన్ కంపెనీ పరిశోధనశాలలో జాన్ పియర్స్ అని చాలా పెద్ద మనిషి ఒక సైన్స్ పత్రికకి ఉత్తరం రాశాడు, ఈ స్పీచ్ రికగ్నిషన్ మీద జనానికున్న మోజు నీళ్ళనుంచి పెట్రోలు తీస్తాం, సముద్రంలోంచి బంగారం తీస్తాం అనే స్కీముల మీద ఉండే మోజులాంటిది అని. ఆయన మాటకి అంత బరువు ఉండేది, వాళ్ళ ల్యాబ్‌లో ఆ పనే ఆగిపోయింది. సరిగ్గా అదే ఏడాది రాజ్ రెడ్డి గారు స్టాన్‌ఫర్డ్ వదిలి పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి వచ్చి అదే పని ఇంకా పెద్దఎత్తున మొదలుపెట్టారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చే చోటు ఇది.

అక్కడ చేసింది హియర్సే అనే ప్రోగ్రామ్. మొదటి దాంతో చదరంగం ఆడించారు, మనిషి నోటితో ఎత్తు చెప్తే కంప్యూటర్ విని బోర్డు మీద ఆ ఎత్తు వెయ్యాలి. తెలివంతా ఎక్కడుందంటే, మాట సరిగ్గా వినపడకపోయినా బోర్డు చూస్తే ఇప్పుడు వెయ్యగలిగిన ఎత్తులు కొన్నే ఉంటాయి కదా, వాటిల్లో ఏది ఈ శబ్దానికి దగ్గరగా ఉందో చూస్తే చాలు. అంటే చెవితో పాటు పరిస్థితిని కూడా వాడటం. మనం చేసేదీ అదే. బస్టాండులో అంత గోలలో కూడా కండక్టర్ అరిచింది "తెనాలి" అని పట్టుకుంటాం, ఎందుకంటే ఆ ప్లాట్‌ఫామ్ మీద బస్సులు ఎక్కడెక్కడికి పోతాయో ముందే తెలుసు.

రెండోది హియర్సే 2. ఇది ఒక్కడి పని కాదు, ఎర్మన్, లెస్సర్, హేస్ రాత్ అని ఇంకొందరు కలిసి చేశారు. దీన్ని మీ క్లాసులోనే ఆడించొచ్చు, దాని పేరే బ్లాక్‌బోర్డ్ పద్ధతి. బోర్డు మీద "అమ్మ కుండలో నీళ్ళు పోసింది" అని రాసి మొదట్లో ఉన్న "కు" డస్టర్‌తో చెరిపెయ్యండి, చివర "పోసింది"లో కూడా "పోసిం" వరకూ చెరిపెయ్యండి. నలుగురు పిల్లల్ని లేపండి. ఒకడికి అక్షరాల సంగతే తెలుసు, మిగిలిన ముక్క ఏ అక్షరమై ఉండొచ్చో వాడు బోర్డు పక్కన రాస్తాడు. రెండోవాడికి మాటలు తెలుసు, కుండ, బండ, ఎండ, దండ అని రాస్తాడు. మూడోవాడికి వ్యాకరణం తెలుసు, చివర్లో క్రియ రావాలి అంటాడు. నాలుగోవాడు అర్థం చూస్తాడు, దండలో నీళ్ళెట్లా పోస్తార్రా అని కొట్టేస్తాడు. ఎవడికి తోచింది వాడు బోర్డు మీద రాయాలి, ఎంత నమ్మకంగా ఉన్నాడో పక్కన నంబర్ వెయ్యాలి, ఇంకోడు రాసింది చూసి తన నంబర్ మార్చుకోవచ్చు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవాల్సిన పన్లేదు, అందరి మాటా బోర్డు మీదే. చివరికి ఎక్కువ బలం ఉన్న వాక్యం నిలబడుద్ది. ఈ ఐడియా స్పీచ్ దాటి వేరే వేరే పనుల్లోకి కూడా వెళ్ళింది.

మూడోది హార్పీ, రాజ్ రెడ్డి గారి స్టూడెంట్ బ్రూస్ లోవెర్ చేశాడు, 1976. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ అయిదేళ్ళ గడువిచ్చి వెయ్యి మాటలు అర్థం చేసుకునే సిస్టమ్ కావాలంది, హార్పీకి 1011 మాటలు వచ్చు, పెట్టిన షరతు దాటేసింది. వచ్చే వాక్యాలన్నిటినీ దారుల్లాగా ముందే అల్లి పెట్టుకుని, వింటూ వింటూ, వెనకబడిపోయిన దారుల్ని ఎప్పటికప్పుడు వదిలేసి ముందున్న కొన్నిటినే పట్టుకుని పోవటం. బీమ్ సెర్చ్ అంటారు. ఆ మాట నేను ఆఫీసులో ఇప్పటికీ వారానికి నాలుగుసార్లు వాడతాను.

నూజివీడు 2008

సార్, మీ రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే ఆ చేరింది నాకే.

మాది తిరువూరు వైపు పల్లెటూరు. నాన్న మామిడి తోటల్లో కాపలా, అమ్మ కూలికి వెళ్ళేది. 2008లో జడ్పీ స్కూల్లో పది పాసయ్యాను, మార్కులు మంచిగా వచ్చాయి కానీ ఆ మార్కులతో ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలీదు, విజయవాడలో హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివించాలంటే ఫీజు విని నాన్న అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆ ఏడాదే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ పెట్టారు, మనం ట్రిపుల్ ఐటీ అంటాం, నూజివీడు, ఇడుపులపాయ, బాసర. పది మార్కులతోనే తీసుకుంటారు, ఆరేళ్ళు అక్కడే, ఇంటర్ లాంటి పీయూసీ రెండేళ్ళు, నాలుగేళ్ళు బీటెక్. దానికి మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. పల్లెటూళ్ళలో బాగా చదివే పిల్లల్ని పది అవ్వగానే పట్టుకోవాలి, ఇంటర్ దగ్గర డబ్బుల్లేక వాళ్ళు జారిపోకముందే పట్టుకోవాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. నేను ఆ జారిపోయే చోటే నిలబడి ఉన్నాను సార్ అప్పుడు.

అప్పుడు నూజివీడు కృష్ణా జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లా.

ప్రతి ఒక్కళ్ళకీ ల్యాప్‌టాప్ ఇచ్చారు. అప్పటిదాకా నేను కంప్యూటర్ ముట్టుకోలేదు, మా స్కూల్లో ఒకటి ఉండేది, దాని మీద గుడ్డ కప్పి ఉండేది. మొదటి రోజు రాత్రి హాస్టల్ గదిలో అందరం మంచాల మీద కూర్చుని ఆ మూత తెరవడానికే భయపడ్డాం, ఎక్కడ చెయ్యి తగిలితే ఏమవుద్దో అని. నేను అందులో బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తెరిచి అమ్మ పేరు రాశా. వంకర టింకరగా వచ్చింది. తర్వాత సెలవులకి ఇంటికి తీసుకెళ్తే నాన్న అడిగిన మొదటి మాట "ఇది మళ్ళీ ఇచ్చెయ్యాలా" అని. అమ్మ పాత చీర చింపి దానికి సంచి కుట్టింది. ఆ సంచి ఇప్పటికీ ఉంది నా దగ్గర.

ఇంగ్లీషులో పాఠాలు మొదట్లో ఒక్క ముక్క ఎక్కేది కాదు, కానీ పాఠం మన మిషన్లోనే ఉంటది కాబట్టి అర్ధరాత్రి లేచి మళ్ళీ మళ్ళీ చదువుకునేదాన్ని. నాలాంటి వాళ్ళు మూడు క్యాంపస్‌లూ కలిపి వేలల్లో ఉన్నాం. నేను ఇప్పుడు విజయవాడలోనే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నాను, తమ్ముణ్ణి చదివించాను. ఆయన్ని నేనెప్పుడూ దగ్గర్నించి చూడలేదు సార్. కానీ చిన్నప్పుడు ఇసకలో అక్షరాలు దిద్దుకున్నానని ఆయన చెప్పింది చదివినప్పుడు, మా ఊరి బడిలో నేను కూడా ఒకటో తరగతిలో ఇసక పళ్ళెంలోనే కదా దిద్దింది అనిపించి ఆ రోజంతా అదే మనసులో తిరిగింది.

మీ పిల్లల్లో బాగా చదివేవాళ్ళు ఉంటే పది అవ్వగానే అప్లికేషన్ పెట్టించండి, దయచేసి. చాలామందికి ఆ డేటు దాటిపోయాక తెలుస్తుంది.

దివిసీమ శర్మ

మాస్టారు గారికి నమస్కారం. నాకు కంప్యూటర్ విద్య రాదు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను, సత్యనారాయణపురంలో ఉంటున్నాం. పై ఇద్దరూ చెప్పనిది ఒకటుంది, అది నేను చెప్పాలి.

మా నాన్నగారు అవనిగడ్డ దగ్గర తెలుగు పండితులు. ఇంట్లో మూడు బీరువాల పుస్తకాలుండేవి. 1977 నవంబర్ 19 ఉప్పెన మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మనుషులం ప్రాణాలతో బయటపడ్డాం, పుస్తకాలు ఒక్కటి మిగల్లేదు. నీళ్ళు తీశాక బీరువాలో చూస్తే కాగితాలన్నీ కలిసిపోయి ముద్ద, నాన్నగారు ఆ ముద్దని చేత్తో విడదీయాలని చూశారు, రాలేదు. అందులో ఆయన చిన్నప్పుడు వాళ్ళ గురువుగారు ఇచ్చిన పద్యాల పుస్తకం ఒకటి, తర్వాత ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులన్నీ తిరిగాం, వేటపాలెం లైబ్రరీకి కూడా మనిషిని పంపాం, దొరకలేదు. ఆ బెంగతోనే వెళ్ళిపోయారు ఆయన.

రిటైరయ్యాక మా మనవడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఒకటి చూపించాడు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి ప్రపంచంలో ఎవరైనా ఊరికే చదువుకునేట్టు పెట్టాలని రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పని అది, మిలియన్ బుక్ ప్రాజెక్ట్ అన్నారు, మన దేశం, చైనా, ఈజిప్టు అన్నీ కలిశాయి, 2007 కల్లా పది లక్షలు దాటేశాయి. మన దేశంలో బెంగుళూరు ఐఐఎస్సీలో బాలకృష్ణన్ గారు నడిపించారు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో స్కాన్ చేశారు, తెలుగు పుస్తకాలు చాలా ఎక్కాయి. వెతకటం మాత్రం పెద్ద యజ్ఞం, తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోడు ఒక్కోరకంగా కొట్టాడు. నాలుగు నెలలు రోజూ కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం దొరికింది.

అదే పుస్తకం. మొదటి పేజీ మీద ఏదో గ్రంథాలయం గుండ్రటి ముద్ర, అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో అర్థాలు రాసుకున్నారు, ఒక పేజీలో స్కాన్ చేసిన అబ్బాయి బొటనవేలు కూడా పడింది. ఆ వేలు చూసి నాకు దుఃఖం ఆగలేదు. ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఎవరో ఒక కుర్రాడు రోజుకి ఎన్ని వందల పేజీలు తిప్పి ఉంటాడు, వాడికి తెలీదు కదా ఆ పేజీ ఎవరి కోసమో. నాన్నగారికి నోటికి వచ్చిన పద్యాలు ఎన్నో వరసలో ఉన్నాయి, నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నవి రెండు దిద్దుకున్నాను.

ఆ సైటు తర్వాత కాపీరైటు గొడవలతో ఆగిపోయింది, ఆ పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చాలావరకు ఉన్నాయి, అక్కడ చూసుకోవచ్చు. మీ పిల్లలకి ఇది కూడా చెప్పండి. మాట వినే యంత్రం మాత్రమే కాదు, మాట పోకుండా దాచింది కూడా ఆయనే.

కృష్ణలంక కుర్రోడు

అందరూ బాగా చెప్పారు, నేనొక్కటి చెప్తా మాస్టారూ, కోపం తెచ్చుకోబాకండి. మనోళ్ళు అనగానే వాట్సాప్‌లో స్పీచ్ రికగ్నిషన్ పితామహుడు, ఫోనుకి మాటలు నేర్పిన తెలుగోడు అని తిప్పుతున్నారు, పిల్లల ముందు మాత్రం అట్టా చెప్పొద్దు. 1952లోనే బెల్ ల్యాబ్స్‌లో ఆడ్రీ అనే మిషను అంకెలు వినేది. 1962లో ఐబీఎం వాళ్ళు షూబాక్స్ అని 16 మాటలది చూపించారు. తర్వాత 1970ల్లో ఐబీఎంలో జెలినెక్ టీమ్ లెక్కల పద్ధతి, అంటే ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత అనే సంభావ్యత పద్ధతి పట్టుకుంది, చివరికి గెలిచింది అదే. ఇప్పుడు ఫోన్లో ఉన్నది న్యూరల్ నెట్‌వర్క్, అంటే బోలెడన్ని ఉదాహరణలు చూసి తనే నేర్చుకునే ప్రోగ్రామ్. గూగుల్ వాయిస్ సెర్చ్‌లోకి తెలుగు వచ్చింది 2017లో. ఆ కుర్రాడు తెలుగు ఎవరు నేర్పారు అని అడిగాడు కదా, నిజమైన జవాబు ఏంటంటే మైకు ముందు కూర్చుని తెలుగు వాక్యాలు చదివి రికార్డు చేసిన మామూలు జనం, ఆ రికార్డింగులు విని అక్షరం అక్షరం రాసినోళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. వాళ్ళని కూడా చెప్పండి.

ఆయన గొప్పోడే, కాదన్ను. గొప్పోడికి లేనిపోని బిరుదులు అవసరం లేదనే నా బాధ.

పటమట నుంచి

కృష్ణలంక బ్రదర్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, నేను రాయాల్సింది, మర్చిపోయాను. ట్యూరింగ్ అవార్డు కూడా ఒక్కరికే ఇవ్వలేదు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ఇచ్చారు, అదీ పెద్ద పెద్ద ఏఐ సిస్టమ్స్ కట్టి అవి నిజం పనులకి పనికొస్తాయని చూపించినందుకు.

కానీ ఆ లెక్కల పద్ధతి గెలిచింది అన్నారు కదా, అక్కడే ఒక సంగతి ఉంది, మాస్టారు టీచర్ కాబట్టి ఇది ఆయనకి మరీ ముఖ్యం. ఆ పద్ధతిని మొదట్లోనే పట్టుకున్నవాళ్ళలో జేమ్స్ బేకర్ ఒకడు, రాజ్ రెడ్డి గారి స్టూడెంటే. డ్రాగన్ అనే సిస్టమ్ చేశాడు, భార్య జానెట్‌తో కలిసి 1982లో అదే పేరుతో కంపెనీ పెట్టాడు. తర్వాత 1980ల్లో కై ఫు లీ అనే కుర్రాడు వచ్చాడు. గురువుగారు ఆ రోజుల్లో మనిషి తెలివిని సూత్రాలుగా రాసి మిషన్‌కి ఎక్కించే పద్ధతి వైపు ఉన్నారు. ఈ కుర్రాడు వెళ్ళి, నాకా దారి మీద నమ్మకం లేదు, నేను స్టాటిస్టిక్స్‌తో చేస్తా అన్నాడు. మన దగ్గర గైడుతో అలా అంటే ఏమవుద్దో చాలామందికి తెలుసు. రాజ్ రెడ్డి గారు నీతో నేను ఏకీభవించను గానీ నువ్వు చెయ్యి, నేను నీ వెనక ఉంటా అన్నారంట, ఈ సంగతి లీ నే చాలా చోట్ల చెప్పుకున్నాడు. మిషన్లూ డేటా అన్నీ ఇప్పించారు. 1988 కల్లా స్ఫింక్స్ వచ్చింది, ఎవరి గొంతైనా సరే ముందు ట్రైనింగ్ అక్కర్లేకుండా, ఆగి ఆగి కాకుండా గడగడా మాట్లాడినా వినే సిస్టమ్. తన దారి తప్పని తేల్చే పనికి తన ల్యాబే ఇచ్చాడు ఆయన. తర్వాత స్ఫింక్స్‌ని ఓపెన్ సోర్స్ చేశారు, అంటే ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, నేను బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ దాంతోనే చేశాను, గుణదలలో మా అద్దెగదిలో కూర్చుని "ఒకటి, రెండు, మూడు" అని రాత్రంతా రికార్డు చేసుకుని.

ఇంకోటి, 2004 ప్రాంతంలో ఆయన పీసీ టీవీటీ అని ఒకటి తయారుచేయించారు. చదువు రానివాళ్ళ కోసం, టీవీ రిమోట్ లాంటి దాంతో నడిచే కంప్యూటర్, వీడియో ఫోను అన్నీ ఒకదాంట్లోనే. అది జనంలోకి వెళ్ళలేదు, సెల్‌ఫోన్ వచ్చి ఆ పని చేసేసింది. కానీ మీ కుర్రాడి అమ్మ గురించి, ఆవిడ చేతిలోకి ఫోను రాకముందే, ఆయన అంత పట్టుగా ఆలోచించారు అన్నది నిజం.

బ్రాడీపేట మాస్టారు

అందరికీ దండాలండీ. సైన్స్ డే నిన్న అయిపోయింది, ఎట్టా జరిగిందో చెప్పకపోతే బాగోదు.

అవార్డుల మాట చివర్లో ఒక్క వాక్యంలో చెప్పా. ముందు రికార్డర్ యాప్‌లో "అప్పు" చూపించా, అరవై మంది పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూశారు, తర్వాత "అమ్మ", "అన్న" అన్నీ అని చూసుకున్నారు, వాటిల్లో ఆ ఖాళీ ఎందుకు రాలేదు సార్ అని ఒకమ్మాయి అడిగింది. ముక్కులోంచి గాలి వస్తానే ఉంటది కదమ్మా అని చెప్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది, ఇరవై రెండేళ్ళుగా ధ్వని పాఠం చెప్తున్నా, ఇది ఎప్పుడూ నా నోటికి రాలేదు.

తర్వాత బోర్డు ఆట. దాదాపు అందరూ "కుండలో" కే ఓటేశారు. ఆ ప్రశ్న అడిగిన కుర్రాడు లేచి కాదు "ఎండలో" అన్నాడు. చివర మాట కూడా చెరిపేశాం కదా, అది "పోసింది" ఎందుకవ్వాలి "చల్లింది" అవ్వకూడదా అన్నాడు. ఎందుకురా అంటే, మా అమ్మావాళ్ళు తొడిమలు తీసే ముందు కాయలు ఎండలో పరిచి నీళ్ళు చల్లుతారు సార్, లేకపోతే కాయ విరిగిపోయిద్ది అన్నాడు. వెనక బెంచీల్లో ముగ్గురు నలుగురు అవునవును అన్నారు, వాళ్ళ అమ్మలూ అదే పనికి వెళ్తారు. బోర్డు మీద "ఎండలో" పక్కన నంబరు పెరుగుతా పోయింది. రెండు వాక్యాలూ సమానంగా నిలబడ్డాయి, నేను చెరపలేదు, అట్టాగే వదిలేశా.

రికార్డింగులు చదివిన జనం సంగతి కూడా చెప్పా. దివిసీమ శర్మ గారూ, మీ బొటనవేలి కథ చెప్తున్నప్పుడు క్లాసులో చీమ చిటుక్కుమన్లేదు. లీ గారి కథ పిల్లలకి కాదు, స్టాఫ్ రూమ్‌లో చెప్పా.

నూజివీడు అమ్మా, ఒక్కసారి ఏదన్నా శనివారం మా స్కూలుకి రాగలరా? మా పదో తరగతిలో ముప్పై నాలుగు మంది ఆడపిల్లలున్నారు, అప్లికేషన్ సంగతి నేను చెప్పటం వేరు, మీరు నిలబడి చెప్పటం వేరు.

నూజివీడు 2008

తప్పకుండా వస్తాను సార్. రెండో శనివారం మాకు సెలవు, మీ స్కూలు ఆ రోజు ఉంటే పొద్దున ఏడింటి బస్సుకి బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా అక్కడుంటా. అప్పటి ల్యాప్‌టాప్ పని చెయ్యటంలేదు గానీ అమ్మ కుట్టిన సంచిలోనే ఉంది, అది కూడా తెస్తాను. వీలైతే ఆ బాబు వాళ్ళమ్మ గారిని కూడా రమ్మనండి, ఆవిడ ఫోన్తో ఎలా మాట్లాడతారో నాకు చూడాలనుంది.